హౌస్‌ఫుల్ హాల్లో గాలి కథ

సంక్రాంతి అంటే ముగ్గులు, అరిసెలు, అల్లుళ్ల రాక. వాటితోపాటు కొత్త సినిమా కూడా ఉండాల్సిందే. 2024లో జనవరి 12 నుంచి 14 వరకు మూడు రోజుల్లోనే ‘గుంటూరు కారం’, ‘హను-మాన్’, ‘సైంధవ్’, ‘నా సామిరంగ’ విడుదలయ్యాయి. 2025లో జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చాయి. మామూలు రోజుల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండే హాలు కూడా ఆ వారం ‘హౌస్‌ఫుల్’ బోర్డు పెడుతుంది. తాతయ్య నుంచి చంకలో పాప వరకు ఇంటిల్లిపాదీ వచ్చి, తలుపులు మూసిన ఒకే గదిలో రెండున్నర గంటలు కూర్చుంటారు.

తెర మీద ఏం జరుగుతుందో అందరూ చూస్తారు. హాల్లోని గాలిలో జరిగేది మాత్రం కంటికి కనిపించదు. అక్కడ కూడా ఓ కథ నడుస్తుంటుంది. అందులో ఉత్కంఠ ఉంది, విశ్రాంతి ఉంది, చివర్లో తలుపులు తెరిచే ఘట్టమూ ఉంది. దాన్ని మొదటిసారి వివరంగా కొలిచింది కూడా ఓ పండగ సీజన్‌లోనే. కాకపోతే అది జర్మనీలో, క్రిస్మస్ రోజుల్లో.

మైంజ్‌లో ఓ క్రిస్మస్

జర్మనీలోని మైంజ్ నగరంలో మ్యాక్స్ ప్లాంక్ రసాయనశాస్త్ర సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్త జొనాథన్ విలియమ్స్ పని వాతావరణ రసాయనశాస్త్రం. అడవులు, సముద్రాలు గాలిలోకి వదిలే వాయువులను కొలవడం ఆయన బృందానికి నిత్యకృత్యం. చెట్లు మాత్రమే వదులుతాయా, మనుషులు కూడా ఊపిరితో రకరకాల వాయువులు వదులుతారు కదా, వాటి లెక్క ఎంత అన్న ప్రశ్న వాళ్లకు వచ్చింది. జనం గుమిగూడే చోటు కావాలి. ముందు ఓ ఫుట్‌బాల్ స్టేడియంలో కొలిచారు. ప్రపంచ వాతావరణంతో పోలిస్తే మనిషి ఊపిరి వాటా లెక్కలోకి రానంత తక్కువని తేలింది. అయితే ఆటలోని ఉద్వేగాన్ని బట్టి ఊపిరిలోని రసాయనాలు మారతాయా అన్న కొత్త కుతూహలం మొదలైంది.

స్టేడియం కన్నా సినిమా హాలు దీనికి ఎంతో అనువైన చోటు. ప్రేక్షకులు కదలకుండా కూర్చుంటారు. గాలి ఒక చోట లోపలికి వచ్చి, ఇంకో చోట గొట్టం గుండా బయటికి పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే సినిమాను వేర్వేరు జనానికి మళ్లీ మళ్లీ చూపిస్తారు. ప్రయోగశాలలో అదే పరీక్షను పదే పదే చేసి చూడటం లాంటిదే ఇది.

2013 డిసెంబరు, 2014 జనవరి నెలల్లో విలియమ్స్ బృందం మైంజ్‌లోని ఓ సినిమా హాలు గాలి గొట్టానికి మాస్ స్పెక్ట్రోమీటర్‌ను బిగించింది. అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి వేరు చేసి గుర్తుపట్టే పరికరం అది. ప్రతి 30 సెకన్లకూ ఓ కొలత. 16 సినిమాలు, 108 ఆటలు, దాదాపు 9,500 మంది ప్రేక్షకులు. టికెట్టు కొన్నవాళ్లు తమ ఊపిరితోనే ప్రయోగంలో పాల్గొన్నారు.

ఫలితం 2016లో ప్రచురితమైంది. ‘ద హంగర్ గేమ్స్: క్యాచింగ్ ఫైర్’ సినిమా నాలుగు ఆటల కొలతలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే, జనం మారినా గీతల్లోని శిఖరాలు ఒకే చోట లేచాయి. కథానాయిక దుస్తులకు మంటలు అంటుకున్నప్పుడు ఒకటి, చివరి పోరు మొదలైనప్పుడు మరొకటి. ఆ క్షణాల్లో హాలు గాలిలో కార్బన్ డయాక్సైడ్‌తోపాటు ఐసోప్రీన్ అనే వాయువు కూడా పెరిగింది. ఉత్కంఠ, హాస్యం ఉన్న సన్నివేశాల ముద్ర గాలిలో మిగతావాటికన్నా స్పష్టంగా పడింది.

ఐసోప్రీన్ మనకు కొత్తేమీ కాదు. సహజ రబ్బరు అంతా ఐసోప్రీన్ అణువులు గొలుసుగా కూడినదే. భూమి మీది చెట్టూచేమా ఏటా దాదాపు 50 కోట్ల టన్నుల ఐసోప్రీన్‌ను గాలిలోకి వదులుతాయని అంచనా. మన ఒంట్లో కూడా అది కొద్దిగా తయారై కండరాల్లో నిలవ ఉంటుంది. కండరం కదిలినా, బిగిసినా అక్కడి నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి చేరి ఊపిరితో బయటికి వస్తుంది. తెర మీద కత్తి లేచినప్పుడు కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంటాం, కాళ్లు బిగదీస్తాం, ఊపిరి బిగబట్టి తర్వాత ఒక్కసారిగా వదులుతాం. గుండె వేగం పెరుగుతుంది. ఒక్కరే ఇలా చేస్తే గాలిలో తేడా తెలియదు. వందల మంది ఒకే క్షణంలో చేస్తే గొట్టం చివర ఉన్న పరికరానికి దొరికిపోతుంది.

జనం ఇలా ఒకే తాళంలో పడటం ఊపిరికే పరిమితం కాదు. ప్రేక్షకులు రెప్పవేయడం కూడా చాలావరకు కలుస్తుందని, కథలో చిన్న విరామం దొరికినచోటే అందరూ ఒకేసారి రెప్పవేస్తారని జపాన్ పరిశోధకురాలు తమామి నకానో బృందం 2009లో ‘మిస్టర్ బీన్’ చూపించి తేల్చింది. ఏదైనా ముఖ్యమైనది తప్పిపోతుందేమోనని మెదడు తనకు తెలియకుండానే రెప్పను వాయిదా వేస్తుందన్నమాట. అలాంటి జాగ్రత్త ముక్కుకు ఉండదు. ఎదురుగా ఏ గాలి ఉంటే దాన్నే పీలుస్తుంది.

మైంజ్ బృందం 2018లో ఇంకో అడుగు వేసింది. 11 సినిమాలు, 135 ఆటలు, 13,000 మందికి పైగా ప్రేక్షకుల కొలతలను తీసుకుని, సినిమాకు ఇచ్చిన వయసు వర్గీకరణకూ గాలిలోని ఐసోప్రీన్‌కూ పొంతన ఉందేమో చూసింది. ఉందనే తేలింది. మన దేశంలోనూ 2023 సినిమాటోగ్రఫీ సవరణ చట్టం తర్వాత ‘యూఏ’ వర్గాన్ని 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టారు. ఏ సినిమా ఏ మెట్టుకు చెందుతుందో తేల్చేది ఇప్పటికీ మనుషులే. గాలి పరీక్ష ఆ పనిని మొత్తంగా తన మీద వేసుకోలేదు కానీ, పిల్లల గుండెలు ఎక్కడ అదిరాయో చెప్పే సాక్షిగా పనికి రావచ్చు.

లెక్క వేసి చూస్తే

ఐసోప్రీన్ కథ ఆసక్తికరమే. కానీ పండగకు సినిమాకు వెళ్లే కుటుంబానికి అంతకన్నా దగ్గరి విషయం అదే గీతలోని రెండో వాయువు, కార్బన్ డయాక్సైడ్.

బయటి గాలిలో ఇప్పుడు ప్రతి పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉంది. దీన్నే 420 పీపీఎం అంటారు. మనం వదిలే ఊపిరిలో ఇది దాదాపు 40,000 పీపీఎం. కూర్చుని ఉన్న పెద్ద మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇక 600 కుర్చీల హాలును ఊహించుకుందాం. లోపలి ఘనపరిమాణం 4,000 ఘనపు మీటర్లు అనుకుందాం. హౌస్‌ఫుల్ అయితే గంటకు 10,800 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. బయటి గాలి బొత్తిగా రాకపోతే గంటకు 2,700 పీపీఎం చొప్పున పెరుగుతుంది. గంటా ఇరవై నిమిషాలకు విశ్రాంతి పడేసరికి 4,000 పీపీఎం చేరుతుంది. నిజానికి ఏ హాలూ అంత బిగుతుగా ఉండదు. తలుపు సందులున్నాయి, ఆలస్యంగా వచ్చేవాళ్లున్నారు. అయినా అంచనాకు ఇది మంచి ఆధారం.

ఈ అంకెను ఇంకో రకంగా చదవచ్చు. బయటి స్థాయికన్నా ఎంత ఎక్కువ ఉందో దాన్ని 40,000తో భాగిస్తే, మనం పీల్చే గాలిలో ఎంత భాగం అప్పటికే మరొకరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చిందో తెలుస్తుంది. 4,000 పీపీఎం దగ్గర అది తొమ్మిది శాతం. పదకొండు ఊపిరుల్లో ఒకటి అచ్చంగా పక్కవాళ్లదే.

ఇంజనీర్లు ఇందుకే మనిషికి సెకనుకు ఎన్ని లీటర్ల బయటి గాలి ఇవ్వాలో ప్రమాణాలు రాస్తారు. చాలా దేశాల్లో డిజైనర్లు చూసే అమెరికా ‘ఆష్రే’ ప్రమాణం ప్రకారం ప్రేక్షకులు కూర్చునే హాలుకు ఇది మనిషికి సెకనుకు సుమారు 2.7 లీటర్లే. అంత గాలి నిజంగా వస్తే, నిండు హాల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 2,270 పీపీఎం దగ్గర నిలుస్తుంది. అంటే ఇరవై రెండు ఊపిరుల్లో ఒకటి పక్కవాళ్లది. ప్రమాణం పాటించిన హాలు పరిస్థితి ఇది. ఆ ప్రమాణం ప్రధానంగా వాసనలు, ఉక్కపోత ఇబ్బంది పెట్టకుండా చూడటానికి పుట్టింది. అంటురోగాలు దాని లెక్కలో లేవు. కోవిడ్ అనుభవం తర్వాత 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లు, ఆసుపత్రులు కాని చోట్లకు మనిషికి సెకనుకు కనీసం 10 లీటర్లు ఉండాలని సూచించింది. ఆ లెక్కన మన ఊహా హాలు 920 పీపీఎం దగ్గర ఆగుతుంది. ఎనభైలో ఒక ఊపిరి.

వెయ్యి పీపీఎం అన్న గీటురాయి కొత్తది కాదు. జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే దాన్ని ప్రతిపాదించాడు. ఆ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ మనిషిని చంపదని ఆయనకు తెలుసు. కంటికి కనిపించని మిగతా మలినాలు ఎంత పేరుకున్నాయో చెప్పే గుర్తుగా దాన్ని వాడమన్నాడు. నేటికీ దాని విలువ అదే. 2,000 పీపీఎం దాటిన గదిలో కొందరికి మగతగా, తల బరువుగా అనిపించవచ్చు. హాలు నుంచి బయటికి వస్తూ ‘సినిమా తలనొప్పి’ అని దర్శకుణ్ణి తిట్టుకునేవాళ్లలో కొందరైనా తిట్టాల్సింది గాలి గొట్టాన్నేమో. కానీ అసలు భయం తలనొప్పి గురించి కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. క్షయ, తట్టు, ఫ్లూ, కోవిడ్ అన్నీ పంచుకున్న గాలి ద్వారా వ్యాపించేవే.

ఇక్కడ మన ప్రేక్షకుడికీ మైంజ్ ప్రేక్షకుడికీ ఓ పెద్ద తేడా ఉంది. అక్కడివాళ్లు నోరు మూసుకుని చూస్తారు. సంక్రాంతికి మొదటి రోజు మొదటి ఆటలో హీరో తెర మీదికి వచ్చే క్షణం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈలలు, కేకలు, చిరిగిన కాగితాల వాన, పాటకు కుర్చీల మధ్య చిందులు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు మాట్లాడే గొంతు పెరిగే కొద్దీ నోటి నుంచి వెలువడే సూక్ష్మ తుంపరలు సెకనుకు ఒకటి నుంచి యాభై వరకు పెరుగుతాయని కొలిచారు. నిలబడి గంతులు వేసేవాడు కూర్చున్నవాడికన్నా ఎన్నో రెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఐసోప్రీన్ సంగతి సరేసరి. పైన వేసిన లెక్క బుద్ధిగా కూర్చున్న హాలుది. మొదటి ఆటకు దానికి ఇంకాస్త కలపాలి.

పాకల కాలం నుంచి ఏసీ వరకు

పాతతరం వాళ్లు నేల టికెట్టు కొని చూసిన టూరింగ్ టాకీసుల్లో ఈ చిక్కు ఇంత లేదు. డేరా, తాటాకు పాక, అన్ని వైపులా సందులు. దుమ్ము, బీడీ పొగ, పక్కన పడుకున్న కుక్క ఉండేవి కానీ, గాలి మాత్రం వచ్చిపోతుండేది. పక్కా హాళ్లు వచ్చాక గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టారు. ఊపిరి వేడిగా ఉండి పైకి లేస్తుంది గనుక ఆ చోటు సరైనదే. ఏసీ వచ్చాక తలుపులు బిగిశాయి, చాలాచోట్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆగిపోయాయి.

కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల బల్బంత వేడి వదులుతాడు. 600 మంది అంటే 60 కిలోవాట్లు. దాన్ని తీసేయడానికే పదిహేడు టన్నుల ఏసీ కావాలి. దీపాలు, గోడల వేడి దీనికి అదనం. పైగా ఒక్కొక్కరూ గంటకు 40 గ్రాముల దాకా నీటి ఆవిరి వదులుతారు. మొత్తం రెండు డజన్ల లీటర్లు. ఇంత వేడి, తేమ తీసేయగానే హాలు హాయిగా అనిపిస్తుంది. కానీ గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. చర్మానికి చల్లదనం తెలుస్తుంది. గాలి పాతదో కొత్తదో చెప్పే జ్ఞానేంద్రియం మనకు లేదు. ముక్కు కూడా నమ్మదగిన సాక్షి కాదు. పాప్‌కార్న్ కమ్మని వాసన వెనక ఉన్న ప్రధాన అణువుల్లో ఒకటి బాస్మతి అన్నానికి ఘుమఘుమ ఇచ్చేదే. అది హాలంతా పరుచుకుంటే మిగతా వాసనలు వెనక్కి పోతాయి. కార్బన్ డయాక్సైడ్‌కైతే వాసనే లేదు.

కోవిడ్ రోజుల్లో మాత్రం కొన్నాళ్లు అందరూ గాలి గురించి ఆలోచించారు. 2020 మార్చిలో మూతపడిన హాళ్లను అక్టోబరు 15 నుంచి సగం కుర్చీలతో తెరవడానికి కేంద్రం అనుమతించింది. ఏసీని 24 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమను 40 నుంచి 70 శాతం మధ్య ఉంచాలని, లోపలి గాలిని తిప్పడం వీలైనంత తగ్గించి బయటి గాలిని వీలైనంత ఎక్కువ తేవాలని మార్గదర్శకాల్లో రాశారు. 2021 సంక్రాంతికి ‘క్రాక్’ సగం నిండిన హాళ్లలోనే ఆడింది. సగం జనం అంటే సగం కార్బన్ డయాక్సైడ్, ఒక్కొక్కరికి రెట్టింపు గాలి. ఆ ఫిబ్రవరి నుంచి పూర్తి కుర్చీలకు అనుమతి వచ్చింది. తర్వాత శానిటైజర్ సీసాలతోపాటు గాలి గురించిన మాటలు కూడా మూలకు చేరాయి. నిజానికి రెండింటిలో ఎక్కువ పనికొచ్చేది గాలి నిబంధనే.

జనవరి చలి చేసే మేలు

బయటి గాలి ఎక్కువ తెమ్మంటే హాలు యజమాని మొదట అడిగేది కరెంటు బిల్లు గురించే. మే నెలలో అతని మాటలో న్యాయం ఉంది. 42 డిగ్రీల గాలిని లోపలికి తెచ్చి 24కు దించడం ఖరీదైన పని. విజయవాడ, కాకినాడ వైపు అయితే తేమను పిండే ఖర్చు కూడా తోడవుతుంది. కానీ సంక్రాంతి మేలో రాదు. జనవరిలో హైదరాబాద్ రాత్రులు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. కోస్తాలో కూడా సాయంత్రమయ్యేసరికి బయటి గాలి 600 మంది కూర్చున్న హాలుకన్నా చల్లగా ఉంటుంది. అప్పుడు బయటి గాలిని తేవడం వల్ల ఏసీ మీద భారం తగ్గుతుంది. పెద్ద భవనాల్లో ఇందుకోసం ‘ఎకనమైజర్’ అనే అమరిక ఉంటుంది. బయట చల్లగా ఉన్నప్పుడు కవాటాలు తెరుచుకుని ఆ గాలినే వాడుకుంటుంది. చిన్న ఊరి హాలుకు ఆగిపోయిన ఎగ్జాస్ట్ ఫ్యాన్లను బాగు చేయించి, ఎదురు గోడలో గాలి వచ్చే దారి తెరిస్తే చాలావరకు పని జరుగుతుంది. ఏడాదంతటిలో హాళ్లు అతి ఎక్కువగా నిండే వారం, బయటి గాలి దాదాపు ఉచితంగా దొరికే వారం ఒకటే కావడం తెలుగు ప్రేక్షకుడి అదృష్టం.

దీనికి ఓ మెలిక ఉంది, అది భోగి మంట. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని పొర మూతలా నిలుస్తుంది. పొగ పైకి పోలేక ఊరి మీదే తేలుతుంది. సరిగ్గా ఆ వేళకే వీధి వీధినా భోగి మంటలు. కొన్నేళ్లు తెల్లవారుజాము ప్రత్యేక ఆటలు కూడా అదే సమయానికి పడుతుంటాయి. గాలిలోని 2.5 మైక్రాన్ల లోపు ధూళికి దేశంలో 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. భోగి పొగ కమ్మిన వీధి గాలిని అలాగే లోపలికి తోస్తే ఒక బెడద తప్పించబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టే. కాబట్టి గాలి వచ్చే దారిలో నాణ్యమైన ఫిల్టరు ఉండాలి. ఇంజనీర్ల లెక్కలో మెర్వ్-13 తరగతి ఫిల్టరు ఇలాంటి పొగ కణాల్లో పెద్ద భాగాన్ని ఆపుతుంది. వైరస్ మోసే తుంపరలనూ ఆపుతుంది. అందుకే లోపలే తిరిగే గాలిని ఆ ఫిల్టరు గుండా పంపినా రోగభయం తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం అలాగే ఉంటుంది. మీటరు అంకెను చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మీటరు అంటే భారీ యంత్రమేమీ కాదు. కార్బన్ డయాక్సైడ్ ఓ ప్రత్యేకమైన పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. చిన్న గదిలోంచి ఆ కాంతిని పంపి ఎంత తగ్గిందో చూసే సెన్సరు ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. బెల్జియంలో 2021 నుంచి హోటళ్లు, వ్యాయామశాలల వంటి చోట్ల ఇలాంటి మీటరును జనానికి కనిపించేలా పెట్టాలని నిబంధన తెచ్చారు. మన హాళ్లలో టికెట్టు ధర, పార్కింగు రుసుము, బయటి తినుబండారాలు తేకూడదన్న హెచ్చరిక గోడ మీద కనిపిస్తాయి. వాటి పక్కనే ఓ నాలుగంకెల డిజిటల్ పలకకు చోటు దొరక్కపోదు.

అలాంటి పలక ఉంటే తెలుగు సినిమా గీత మైంజ్ గీతకన్నా రెండింతలు రసవత్తరంగా ఉండే అవకాశం ఉంది. అక్కడ చాలా సినిమాలకు విశ్రాంతి ఉండదు. ఇక్కడ ఉంటుంది, దాని ముందు దర్శకుడు దాచి ఉంచిన మలుపూ ఉంటుంది. హీరో పరిచయానికి ఓ శిఖరం, మొదటి పాటకు ఓ గుట్ట, విశ్రాంతికి ముందు నిట్టనిలువుగా మరో శిఖరం. ఆ వెంటనే దీపాలు వెలుగుతాయి, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి, జనం సమోసాల వైపు పరుగెత్తుతారు, గీత లోయలోకి జారుతుంది. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ ఎక్కడం మొదలు. రెండో సగంలో కథ నీరుగారిపోయినా కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది, ఐసోప్రీన్ మాత్రం పడుకుంటుంది. నిర్మాతలు చూడటానికి ఇష్టపడని గీత అదేనేమో.

ఆఖరి పోరాటం ఇంకా నడుస్తుండగానే గేటు కాసే మనిషి అలవాటు కొద్దీ పక్క తలుపుల గడియలు తీస్తాడు. వచ్చే ఆటకు అప్పటికే బయట జనం నిలబడి ఉంటారు. తెరిచిన తలుపుల్లోంచి జనవరి చలిగాలి చివరి వరసల మీదుగా లోపలికి వస్తుంది. ‘శుభం’ పడేసరికి ఎవరూ గమనించకుండానే హాలు వెయ్యి పీపీఎం కిందికి దిగడం మొదలుపెడుతుంది.